పాతాళ దిశా ఉత్తర్వు

ప్రభుత్వం వారి వార్షిక నమూనా పత్రంలో పదకొండో గడి ఒకటుంది. "ఈ పరిశోధన వలన సామాన్యునికి కలుగు ఉపయోగము" అని దాని పేరు. మిగతా గడులు ఖాళీగా వదిలేసినా ఎవరూ ఏమీ అనరు. శాస్త్రవేత్త పేరు రాయడం మరిచిపోయినా పత్రం చెల్లుతుంది. ఈ ఒక్క గడి ఖాళీగా ఉంటే మాత్రం పత్రం వెళ్ళిన దారినే తిరిగొస్తుంది.

డాక్టర్ ఓగిరాల ముక్తావళికి అలా రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి ఆవిడ నిజాయితీకి పోయి "ప్రస్తుతానికి ఏమీ లేదు" అని రాసింది. రెండోసారి కాస్త తగ్గి "భూమి అడుగున ఏం జరుగుతోందో తెలుస్తుంది" అని రాసింది. దాని పక్కన ఎర్ర సిరాతో "తెలియుట ఉపయోగముగా పరిగణింపబడదు" అని రాసి మళ్ళీ పంపారు.

ముక్తావళి పని చేసేది ఊరికి దూరంగా గద్దగుట్ట మీద. గుట్ట కడుపులో ఒక నేలమాళిగ, ఆ మాళిగలో రాతిలోకి దింపిన కాంక్రీటు స్తంభం, ఆ స్తంభం నెత్తిన ఒక సీస్మోమీటరు. అక్కడ గట్టిగా దగ్గినా అది రాసుకుంటుంది కనక అందరూ చెప్పులు విప్పి, పిల్లుల్లా నడుస్తారు. ప్రపంచంలో ఎక్కడ భూకంపం వచ్చినా దాని అలలు భూమి లోలోపలి నుంచి ప్రయాణం చేసి ఆ స్తంభాన్ని తాకి పోతుంటాయి. ఆ అలలు దారిలో ఏం చూసి వచ్చాయో కనుక్కోవడమే ఆవిడ ఉద్యోగం.

అవి చూసి వచ్చేది చిన్న విషయం కాదు. మన కాళ్ళ కింద రెండువేల ఎనిమిది వందల కిలోమీటర్ల లోతున రాయి రాయిలాగా ఉండదు. ఆ బరువుకీ ఆ వేడికీ అది కరగదు గానీ, పిండిముద్దలా మెల్లమెల్లగా సాగుతుంది. సాగేటప్పుడు అందులోని ఖనిజపు రేణువులు నలిగి, రూపు మారి, దువ్విన జుట్టులాగా అన్నీ ఒకే వైపుకి ఒరుగుతాయి. అప్పుడు అక్కడి నుంచి వచ్చే అల రెండుగా చీలిపోతుంది. దువ్విన వైపుకి ఊగేది ముందు వస్తుంది, అడ్డంగా ఊగేది కాస్త వెనకబడుతుంది. ఆ కాస్త తేడా కొలిస్తే పాతాళంలో పాపిడి ఎటు తీశారో తెలుస్తుంది.

అయితే ఒక వైపు నుంచి వచ్చిన అలలతో తేలే లెక్క కాదది. ముక్తావళి దగ్గర తూర్పు సముద్రాల నుంచి వచ్చిన అలలు బోలెడున్నాయి. నైరుతి నుంచి, అంటే దక్షిణాన ఎక్కడో మంచు దీవుల కింద పుట్టి వచ్చే పెద్ద అల ఒక్కటి కావాలి. అలాంటివి ఎప్పుడో గాని రావు. వచ్చిన రోజున ఆ స్తంభం కదలకుండా, ఆ మాళిగ నిశ్శబ్దంగా ఉండాలి. ఆవిడకి ఈ జన్మకి కావలసింది అంతే.

మూడోసారి పత్రం ముందేసుకునేసరికి ఆవిడకి బాగా విసుగెత్తింది. పదకొండో గడిలో ఇలా రాసి పడేసింది: "వరుస కుదిరిన చోట వరుస వెంట పోయేది త్వరగా చేరుతుంది, అడ్డం పడి పోయేది ఆలస్యమవుతుంది. మన ప్రాంతం అడుగున ఈ వరుస తూర్పు పడమరలుగా ఉన్నట్టు ఇప్పటికి తోస్తోంది."

పత్రం తిరిగిరాలేదు. దాని బదులు సచివాలయం నుంచి పిలుపొచ్చింది.

పాలనా వేగవర్ధన శాఖ సెక్షన్ ఆఫీసరు సన్యాసిరావు ఆవిడకి ఎదురొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పెద్ద నవ్వు, చిన్న బల్ల. "ఏటి రాసీసారో గానండి మేడమ్, సారు రెండ్రోజులై అదే చదువుతున్నారు. టీ కూడా తూర్పుకి తిరిగే తాగుతున్నారు" అని చెవిలో వేసి లోపలికి పంపాడు.

శాఖ ముఖ్యకార్యదర్శి విశ్వంభరం గారు మంచి మనిషి. ఎవరినీ కసురుకోరు, లంచం ముట్టరు, పుస్తకాలు చదువుతారు. రాష్ట్రంలో ఫైళ్ళు ఎందుకు కదలడం లేదో కనుక్కోవడానికే ఆయన శాఖ పుట్టింది. పుట్టినప్పటి నుంచీ ఆ పని మీదే ఉంది.

"డాక్టర్ గారూ, ఫైలు కదలకపోవడానికి కారణం ఇన్నాళ్ళూ మనం మనుషుల్లో వెతికాం. అది విధానపరమైన లోపం. కారణం మరింత మౌలిక స్థాయిలో ఉందని మీ సమర్పణ వల్ల ప్రభుత్వం దృష్టికి వచ్చింది" అన్నారాయన.

ముక్తావళి గతుక్కుమంది. అది రెండువేల ఎనిమిది వందల కిలోమీటర్ల కింది సంగతనీ, పైనున్న బల్లలకీ ఫైళ్ళకీ దానితో ఏ సంబంధమూ లేదనీ, పైగా సగం లెక్క ఇంకా తేలలేదనీ ఓపిగ్గా చెప్పింది. ఆయన అంతే ఓపిగ్గా విన్నారు. పునాది ఎంత లోతుంటే విధానం అంత పటిష్ఠంగా ఉంటుందని రాసుకున్నారు. రాసుకుని, కళ్ళజోడు తీసి, ఒక సందేహం అడిగారు.

"ఆలస్యంగా వస్తున్నట్టు మీరే పేర్కొన్న ఆ రెండో తరంగం మీద తీసుకున్న చర్య ఏమిటి?"

"చర్య ఏముంటుందండీ? దాని దారి అలాంటిది."

"మా సిబ్బంది కూడా అదే చెబుతారు" అన్నారు విశ్వంభరం గారు నిట్టూర్చి.

పదిహేను రోజులు తిరక్కుండా పాతాళ దిశా ఉత్తర్వు వెలువడింది. భూగర్భ ఖనిజాల అమరికను గౌరవిస్తూ ఇకపై ప్రభుత్వ కార్యాలయాల్లో బల్లలు తూర్పు పడమరలుగానే ఉండాలనీ, ఏ ఫైలునీ ఎవరూ ఉత్తర దక్షిణాలుగా మోసుకెళ్ళరాదనీ దాని సారాంశం. "తోస్తోంది" అన్న మాట ఉత్తర్వులోకి రాలేదు. ఉత్తర్వులకి తోచడం అనేది ఉండదు కదా.

ఈ వార్త విని మొదట మండిపడ్డవాడు మార్తాండ సిద్ధాంతి. ఆయన వాస్తుకి రాష్ట్రంలో తిరుగులేదు. సగం మంది మంత్రుల వంటిళ్ళు ఆయన జరిపించినవే. వాస్తు అనేది బావి లోతు వరకే వర్తిస్తుందనీ, అంత కిందకి వెళ్ళి ఎవరూ కాపురం చేయరనీ పత్రికల్లో వాదించాడు. తరవాత ఆయన్ని ఆ ఉత్తర్వు అమలుకి ప్రత్యేక సలహాదారుగా వేశారు. ఆ సాయంత్రమే ఆయన కార్డుల మీద "పాతాళ వాస్తు నిపుణులు" అని అచ్చయింది.

ఇక చూడాలి సంబరం. జిల్లాల్లో కలెక్టర్లు పోటీలు పడి బల్లలు తిప్పించారు. ఉత్తర దక్షిణాలుగా తిరిగే బస్సులకి "నిదాన సర్వీసు" అని బోర్డులు తగిలించారు. అవి అంతకు ముందూ నిదానంగానే వెళ్ళేవి కనక ఉత్తర్వు ఫలించిందని నివేదికలు వెళ్ళాయి. క్రికెట్ మైదానాల్లో పిచ్‌లని తూర్పు పడమరలకి తిప్పారు. సాయంకాలం ఎండ సూటిగా బ్యాట్స్‌మన్ కళ్ళలో పడి మన జట్టు టీ తరవాత తుడిచిపెట్టుకుపోయింది. ఆట త్వరగా ముగియడం వేగవర్ధనకి నిదర్శనమని శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్ళు అమ్మాయి ఇంటి వరండా ఎటుందని అడగడం మొదలుపెట్టారు.

సచివాలయంలోనే చిక్కొచ్చి పడింది. అక్కడి పెద్ద వరండా ఉత్తర దక్షిణాలుగా ఉంది. సన్యాసిరావు కూర్చునే హాలు దానికి దక్షిణపు కొసన, విశ్వంభరం గారి గది ఈశాన్యపు మూల. మనిషి వట్టి చేతులతో ఎటైనా నడవొచ్చు, చేతిలో ఫైలుంటే మాత్రం వరండా మొదట్లోనే బంట్రోతు ఆపేసేవాడు. తప్పనిసరిగా ఉత్తరానికి వెళ్ళాల్సిన ఫైలుకి "విదిశా అనుమతి" ఇస్తామన్నారు. ఆ అనుమతి ఇవ్వాల్సింది విశ్వంభరం గారు. అడగాలంటే ఫైలు పెట్టాలి. ఫైలు ఉత్తరానికి వెళ్ళాలి.

ఆయన బల్ల మీదకి ఒక్క ఫైలు కూడా రావడం మానేసింది. సాయంత్రానికల్లా పెండింగు సున్నా. రాష్ట్ర చరిత్రలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదని ఆయన కళ్ళు చెమర్చాయి.

ఇదంతా చూసి ముక్తావళి మొదట్లో నవ్వుకుంది. తల్లికి చెప్పి నవ్వింది, గుట్ట మీద పనివాళ్ళకి చెప్పి నవ్వింది. ఆ నవ్వు మార్తాండ సిద్ధాంతి గద్దగుట్ట తనిఖీకి వచ్చేదాకానే. ఆయన మాళిగలోకి దిగి, దిక్సూచి తీసి స్తంభం మీద పెట్టి, కెవ్వుమన్నంత పని చేశాడు. స్తంభానికి ఉత్తర దక్షిణాలుగా గీత కొట్టి ఉంది. మిషను ఆ గీత మీదే కూర్చుంది. ప్రపంచంలో ఏ సీస్మోమీటరైనా అలాగే కూర్చుంటుందని ఆవిడ చెబితే, ప్రపంచం సంగతి ప్రపంచం చూసుకుంటుందన్నాడు. సిద్ధాంతం పుట్టిన చోటే ఉల్లంఘన జరగడం ప్రభుత్వానికి తలవంపులని నివేదిక రాశాడు. స్తంభాన్ని పగలగొట్టి తూర్పు పడమరలుగా తిరిగి కట్టాలని వారంలో ఉత్తర్వొచ్చింది.

ఆ కాగితం చదివి ముక్తావళి మాళిగ మెట్ల మీద అలాగే కూలబడిపోయింది. కొత్త స్తంభం కట్టడం ఎంతసేపు? కానీ పచ్చి కాంక్రీటు తనలో తను సర్దుకుంటూ ఏడాదో రెండేళ్ళో గొణుగుతూనే ఉంటుంది. ఆ గొణుగుడులో భూమి అవతల నుంచి వచ్చే అల వినపడదు. నైరుతి అల ఈలోగా వచ్చి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? ఆవిడ రిటైరయ్యాక రావచ్చు. ఏడుపొచ్చింది. ఏడిస్తే మిషను రాసుకుంటుందేమోనని పైకి వచ్చి ఏడిచింది.

మర్నాడు స్తంభాన్ని ఇలాగే ఉంచమని అర్జీ రాసి తనే సచివాలయానికి తీసుకెళ్ళింది. అర్జీ ఫైలయి, సన్యాసిరావు బల్ల దాకా వచ్చి ఆగింది. ఆవిడ వట్టి చేతులతో వరండా దాటి విశ్వంభరం గారి దగ్గరకి వెళ్ళి సంగతంతా నోటితో చెప్పింది. ఆయన చాలా బాధపడ్డారు. నోటి మాట మీద తనేమీ చేయలేననీ, ఫైలు రానిస్తే తప్పక సానుభూతితో పరిశీలిస్తాననీ అన్నారు.

"ఫైలు మీ హాల్లోనే ఉందండీ. మీరు ఒక్కసారి అటు నడిస్తే..."

"నేను దక్షిణానికి నడవడం ఉత్తర్వు స్ఫూర్తికి విరుద్ధం కదా డాక్టర్ గారూ" అన్నారాయన మెత్తగా.

సోమవారం పొద్దున ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు భానుమూర్తి లారీ మీద డ్రిల్లింగ్ మిషనూ, పదిమంది కూలీలనీ వేసుకుని గుట్ట కిందకి వచ్చాడు. ముక్తావళి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. అడ్డుపడితే పోలీసులొస్తారు. బతిమాలితే ఆయనేం చేయగలడు? ఆ మనిషి ముఖం చూస్తే నియమం తప్పి నీళ్ళయినా తాగని రకంలా ఉన్నాడు. అది చూశాకే ఆవిడకి ఊపిరొచ్చింది.

"ఇంజనీరు గారూ, మీ లారీ ఎటు నుంచి ఎక్కుతోంది?"

"రోడ్డు మీదుగానేనండీ."

"రోడ్డు దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కుతోంది. మీ చేతిలో పని ఉత్తర్వుల ఫైలుంది."

భానుమూర్తి దిగి, ఎండ చూశాడు, గుట్ట చూశాడు, చేతిలోని ఫైలు చూశాడు. ఫైలు కింద పెట్టి వద్దామంటే ఉత్తర్వు చేతిలో లేకుండా ప్రభుత్వ కట్టడాన్ని పగలగొట్టడం నేరం. తూర్పు వైపు నుంచి ఎక్కుదామంటే అటు నిట్టనిలువు బండ. చివరికి లారీని అక్కడే ఆపించి, దక్షిణం నుంచి గుట్ట ఎక్కడానికి విదిశా అనుమతి కోరుతూ నక్షాలతో సహా ఒక ఫైలు పెట్టాడు. అది కూడా సన్యాసిరావు బల్ల మీదకే వెళ్ళి ఆవిడ అర్జీ పక్కన కూర్చుంది.

అనుమతి వచ్చేదాకా భానుమూర్తి రోజూ వచ్చి, గుట్ట కింద లారీ నీడలో కూర్చుని వెళ్ళేవాడు. పాపమని ముక్తావళి టీ పంపేది. తరవాత తనే ఫ్లాస్కు పట్టుకుని దిగేది. స్తంభం పగలగొట్టడానికి వచ్చినవాడికి స్తంభం ఎందుకు కావాలో చెప్పడం ఆవిడకి అలవాటయింది. ఆయనకీ వినడం అలవాటయింది.

ఒక రోజు పదకొండు గంటల వేళ ఇద్దరూ అలా టీ తాగుతుండగా గుట్ట మీద నుంచి కబురొచ్చింది. ముక్తావళి గ్లాసు వదిలేసి, మెట్లన్నీ పరిగెత్తి ఎక్కింది. మంచు దీవుల కింద భూమి కదిలింది. అల నైరుతి నుంచి, పాతాళపు అంచు రాసుకుంటూ వచ్చి ఆవిడ స్తంభాన్ని తాకింది. తెర మీద రెండు గీతలు విడివిడిగా, శుభ్రంగా కనిపించాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. ఆవిడ చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు కాకుండా నవ్వింది. కింద భానుమూర్తి, ఎందుకో తెలియకపోయినా, కూలీలెవరినీ కదలొద్దని సైగ చేసి తనూ కదలకుండా నిలబడ్డాడు.

ఆ నెలంతా కూర్చుని లెక్క తేల్చింది. తేలింది చూసి తల పట్టుకుంది. వరుస తూర్పు పడమరలుగా లేదు. ఆవిడ ముందు అనుకున్నది సగమే నిజం. పాతాళంలో రేణువులు ఏటవాలుగా ఒరిగి ఉన్నాయి, నైరుతి నుంచి ఈశాన్యానికి దిగుతూ.

ఇది చెబితే ప్రభుత్వం పరువు పోతుంది. పరువు పోయిన ప్రభుత్వం ముందు చేసేది స్తంభం పగలగొట్టడమే. నోరు మూసుకుంటే స్తంభం ఇంకొన్నాళ్ళు నిలవొచ్చు. కానీ ఇన్నేళ్ళూ ఆ స్తంభం విన్నది విన్నట్టు రాసింది. దాని తరఫున అబద్ధం చెప్పడానికి ఆవిడకి మనసొప్పలేదు. సచివాలయానికి వెళ్ళి తేలింది తేలినట్టు చెప్పేసింది.

విశ్వంభరం గారు అంతా విని ఓపిగ్గా రాసుకున్నారు.

"ప్రభుత్వం పొరబడదు డాక్టర్ గారూ. సవరించుకుంటుంది" అన్నారాయన. అర్జీకి చాలని నోటి మాట ఉత్తర్వు సవరించడానికి చాలింది. ఆ మధ్యాహ్నమే సవరణ టైపయింది. మార్తాండ సిద్ధాంతి అయితే ఆనందం పట్టలేక ఆవిడకి శాలువా కప్పబోయాడు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని తన తాత నుంచీ చెబుతూనే ఉన్నారట. భూమి ఇప్పటికి దారికొచ్చిందన్నాడు.

సవరణ ప్రకారం ప్రతి ప్రభుత్వ బల్లకీ నైరుతి కాళ్ళ కింద ఇటుకలు పెట్టాలి. వాలు మధ్యలో తెగకూడదు కనక సచివాలయంలో అడ్డుగోడలు తీయించి, సన్యాసిరావు హాలు నుంచి విశ్వంభరం గారి గది దాకా బల్లలన్నీ ఒకదానికొకటి ఆనించారు. వరస చివర, అన్నిటికన్నా పల్లంలో, ఆయన బల్ల. ప్రారంభోత్సవానికి ముక్తావళినీ భానుమూర్తినీ పిలిచారు.

సిద్ధాంతి కొబ్బరికాయ కొట్టాడు. పనివాళ్ళు చివరి ఇటుక దూర్చారు. ముందు పెన్సిళ్ళు కదిలాయి, తరవాత పేపరువెయిట్లు, తరవాత ఎవరిదో టిఫిను బాక్సు. కొత్తగా వేసిన సన్‌మైకా నున్నగా మెరుస్తోంది. సన్యాసిరావు తన బల్ల మీది దొంతరని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. పట్టుకునే, పక్కనున్న ముక్తావళి వైపు చూశాడు.

"మేడమ్, ఫైలుని మనిషి మోసుకెళ్ళకూడదని ఉంది గానండి, ఫైలే ఎళ్తానంటే ఆపమని ఎక్కడా నేదండి" అని చేతులు తీసేశాడు.

దొంతర ఒరిగింది, విడిపోయింది, బయల్దేరింది. అన్నిటికన్నా ముందు ముక్తావళి అర్జీ. ఒక్క కాగితం, పల్చటి అట్ట, అలా జారుతూ బల్లలన్నీ దాటుకుంటూ వెళ్ళింది. దాని వెనకాలే భానుమూర్తి ఫైలు బయల్దేరింది గానీ, నక్షాల చుట్ట అడ్డంగా కట్టి ఉండటంతో ప్రతి బల్ల అతుకు దగ్గరా తట్టుకుంటూ, తిరుగుతూ, కాస్త వెనకబడింది. ముక్తావళి వాటి వెంటే నడుస్తూ చూసింది. అచ్చం తన తెర మీద చూసినట్టే, ఒకటి ముందు, ఒకటి వెనక.

తన బల్ల మీదకి ఒక ఫైలు దానంతటదే వచ్చి ఆగడం చూసి విశ్వంభరం గారు లేచి నిలబడ్డారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన ఎదురుచూస్తున్న దృశ్యం అది. కళ్ళు తుడుచుకుని, జారిపోతున్న కలాన్ని ఒడిసి పట్టుకుని, చదివి, "స్తంభము యథాతథముగా ఉంచవలెను" అని రాసి సంతకం చేశారు. ఆ తడి ఆరకముందే భానుమూర్తి ఫైలు వచ్చి తగిలింది. ఆయన దాన్ని తెరిచి చూసి, ఈ ప్రతిపాదన కాలాతీతమైనదని రాశారు. ఆలస్యంగా వచ్చినందుకు సంజాయిషీ కూడా కోరారు. భానుమూర్తి ముఖం వెలిగిపోయింది. లారీ ఎప్పుడు తీసెయ్యమంటారని అక్కడికక్కడే ముక్తావళిని అడిగాడు.

ఆ వారం చివరికి ఇటుకలు తీసేశారు. విశ్వంభరం గారి బల్ల మీద ఫైళ్ళు గడప దాకా పేరుకుని, పెండింగు ఆయనకే వచ్చి పడింది. లోతైన విషయాలని తొందరపడి అమలు చేయరాదని ఒక ఉత్తర్వు వెలువడింది. గద్దగుట్ట మీద స్తంభం ఉత్తరం వైపు తిరిగి, ఎప్పటిలాగే వింటూ కూర్చుంది.

ఏడాది తిరిగి మళ్ళీ నమూనా పత్రం వచ్చింది. ముక్తావళి మిగతా గడులన్నీ నింపి, పదకొండో గడి దగ్గర కలం ఆపి, కాసేపు ఆలోచించింది. "ఈ పరిశోధన వలన సామాన్యునికి కలుగు ఉపయోగము" అన్న చోట, ఉన్నది ఉన్నట్టు, ఒకే వాక్యం రాసింది.

"సచివాలయంలో ఒక ఫైలు కదిలింది."

పత్రం తిరిగిరాలేదు.